అడాల్ఫ్ లోస్: నగిషీ, ఇల్లు, పడమటి నాగరికత

ఆస్ట్రియా వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్ (1870–1933) పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక వ్యాసం శీర్షిక: 'అలంకరణ, నేరం'. ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టినందుకు ఆయనకు ఎంత పేరొచ్చిందో అంత అపార్థమూ చుట్టుకుంది. బోసిగోడల మతానికి ఆయన్ని తొలి ప్రవక్తగా చూపే పుస్తకాలకు కొదవ లేదు. ఆయన రాతలన్నీ వరసగా చదివి, కట్టిన ఇళ్ల పక్కన పెట్టి చూస్తే తేలేది వేరు. నగిషీ ఉండాలా వద్దా అన్నది ఆయనకు చిన్న ప్రశ్న. మనిషి రోజూ వాడుకునే వస్తువుకూ, మనిషిని కుదిపివేసే కళకూ మధ్య సరిహద్దు ఎక్కడ అన్నదే పెద్ద ప్రశ్న. కప్పు, కుర్చీ, ఇల్లు ఒక వైపు. చిత్రం, సంగీతం, సమాధి రెండో వైపు. వీటిని కలగాపులగం చేస్తే రెండూ చెడతాయన్నది ఆయన వాదం. దానికి ఊతగా 'పాశ్చాత్య సంస్కృతి' అనే కొలబద్దను చేతబట్టాడు. సరిహద్దు గురించి ఆయన చెప్పింది నేటికీ నిలుస్తుంది. కొలబద్ద మాత్రం ఆయన చేతిలోనే వంకరపోయింది. ఆయన్ని తిట్టేవాళ్లూ మెచ్చేవాళ్లూ ఈ రెంటినీ విడదీయకపోవడం వల్లే వందేళ్లుగా వాదన ఒకచోటే తిరుగుతోంది.

లోస్ 1870 డిసెంబరు 10న, నాటి ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలోని బ్రూన్ నగరంలో పుట్టాడు. ఇప్పుడది చెక్ దేశంలోని బ్రనో. తండ్రిది రాతిపని, కొడుకుకు పదేళ్లు నిండకముందే పోయాడు. పిల్లవాడికి చిన్నప్పటినుంచీ వినికిడి తక్కువ, వయసు మళ్లేసరికి దాదాపు ఏమీ వినబడేది కాదు. రైకెన్‌బర్గ్ వృత్తివిద్యా పాఠశాలలోనూ, డ్రెస్డెన్ సాంకేతిక కళాశాలలోనూ చదివాడు గాని పట్టా పుచ్చుకోలేదు. 1893లో అమెరికా వెళ్లి మూడేళ్లున్నాడు. అక్కడ చేసింది పెద్ద ఉద్యోగాలు కావు. గిన్నెలు కడగడం లాంటి చిల్లర పనులు. వెళ్లిన ఏడాదే షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన చూశాడు. 1896లో వియన్నా చేరిన లోస్ ఊరికి ముందు పరిచయమైంది కలంతోనే. 1898లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పాలనకు 50 ఏళ్లు నిండిన సందర్భంగా పెద్ద ప్రదర్శన జరిగితే, 'నోయె ఫ్రయె ప్రెస్సె' పత్రికలో దాని మీద వరసగా వ్యాసాలు రాశాడు. ఒక వాస్తుశిల్పి ఎంచుకున్న విషయాలేమిటంటే బూట్లు, టోపీలు, లోదుస్తులు, గుర్రపు బండ్లు, కుర్చీలు, కుళాయిలు! ఈ వ్యాసాలు 1921లో పారిస్‌లో 'శూన్యంలోకి పలికిన మాటలు' అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకమయ్యాయి. 1900 తరువాతి రాతలు 1931లో 'అయినా సరే' అన్న పేరుతో వచ్చాయి. ఎవరూ వినడం లేదన్న ఉక్రోషం మొదటి పేరులో ఉంటే, మొండితనం రెండోదానిలో ఉంది.

ఆ ఉక్రోషానికి కారణం వియన్నా. 1857లో చక్రవర్తి ఆజ్ఞతో పాత కోటగోడ పడగొట్టి, ఆ స్థలంలో రింగ్‌స్ట్రాసె అనే విశాలమైన వలయరహదారి వేశారు. దాని వెంట పార్లమెంటు గ్రీకు ఆలయంలా, పురపాలక భవనం గోథిక్ తీరులో, విశ్వవిద్యాలయం ఇటలీ పునరుజ్జీవన కాలపు సౌధంలా లేచాయి. అద్దె ఇళ్లు కట్టే పెట్టుబడిదారులూ ఇదే దారి పట్టారు. లోపల ఇరుకు గదులు, బయట ప్రభువుల భవంతి వేషం. ఆ వేషంలోని రాతి చెక్కడాలు కూడా రాయి కావు. సిమెంటుతో మూసపోసి గోడకు తగిలించినవి. 1898 జులైలో 'వేర్ సాక్రుమ్' పత్రికలో లోస్ దీన్ని పొటెమ్కిన్ నగరం అన్నాడు. రష్యా రాణి కాథరిన్ కంటపడడానికి ఆమె మంత్రి పొటెమ్కిన్ గుడ్డలతో, అట్టలతో ఉత్తుత్తి పల్లెలు నిలబెట్టాడన్న కథ యూరప్ అంతా ప్రచారంలో ఉంది. పేదగా ఉండడం తప్పు కాదనీ, చిన్న ఇంట్లో ఉంటూ పెద్దింటివాడిలా కనబడాలని తాపత్రయపడడంలోనే సిగ్గుచేటు ఉందనీ లోస్ వాదం. గమనించాల్సిందేమిటంటే, ఇక్కడ ఆయన కోపం నగిషీ మీద కాదు, అబద్ధం మీద.

'వేర్ సాక్రుమ్' సెసెషన్ కళాకారుల పత్రిక. పాత శైలుల నకళ్లు వద్దు, మన కాలానికి మన శైలి కావాలని 1897లో విడిపోయి సంఘం పెట్టుకున్నవాళ్లు వాళ్లు. నకళ్లను తిట్టిన లోస్ వాళ్లలో కలిసిపోతాడనే ఎవరైనా అనుకుంటారు. ఆయన మాత్రం కొద్దికాలంలోనే వాళ్లను ఇంకా పెద్ద ప్రమాదంగా చూశాడు. జోసెఫ్ హోఫ్‌మన్, ఓల్‌బ్రిక్ వంటివారు ఇంటిని మొత్తంగా ఒక కళాఖండంగా రూపొందించాలన్నారు. గోడ నుంచి గరిటె దాకా ఒకే చేతి గీత. 1900లో లోస్ ఒక వెటకారపు కథ రాశాడు. ఒక ధనికుడు తన ఇంటికి కళ తెప్పించుకోవాలని వాస్తుశిల్పిని పిలుస్తాడు. ఆయన ప్రతి వస్తువుకూ చోటు నిర్ణయిస్తాడు. పడకగదికోసం గీసిన చెప్పులతో యజమాని హాల్లోకి రావడం కూడా అపచారమవుతుంది. పుట్టినరోజుకు భార్యాపిల్లలు ఇచ్చిన కానుకలు పెట్టుకునే జాగా ఉండదు. చివరికి ఆ మనిషికి తన బతుకు పూర్తయిపోయిందని, ఇక దేన్నీ కోరుకునే వీలు లేదని అర్థమవుతుంది. నవ్విస్తూ చెప్పినా, లోస్ సిద్ధాంతమంతా ఈ కథలో ఉంది. ఇల్లు బతికే చోటు. బతుకు మారుతుంది, వస్తువులు చేరతాయి, పాతబడతాయి. ఇంటిని కళాఖండం చేస్తే అందులో మనిషి అదనపు సామానవుతాడు.

మరి ఆయన మెచ్చుకున్నది ఏమిటి? పడమటి దేశాల్లో, ముఖ్యంగా ఇంగ్లండులో, అమెరికాలో, పేరులేని పనివాళ్లు చేసిన వస్తువుల్ని. ఇంగ్లిషు దర్జీ కుట్టిన కోటు, తోలు సంచి, సైకిలు, స్నానాలగది. కుళాయిలు బిగించే ప్లంబర్ నాగరికతకు ముందునడిచే సైనికుడన్న ధోరణిలో 1898లోనే ఒక వ్యాసం రాశాడు. మన దేశంవాళ్లకు స్నానం మీద శ్రద్ధ లేకపోతే ఎన్ని శైలులు కనిపెట్టి ఏం లాభమని నిలదీశాడు. బాగా దుస్తులు వేసుకోవడమంటే నలుగురిలో కొట్టొచ్చినట్టు కనబడకపోవడమేనన్నది ఆయన నియమం. 1903లో 'దస్ ఆండెరె' అనే పత్రిక పెట్టి, ఇది ఆస్ట్రియాలో పాశ్చాత్య సంస్కృతిని ప్రవేశపెట్టడానికని దాని నుదుటనే అచ్చువేశాడు. యూరప్ నడిబొడ్డున ఉన్న సామ్రాజ్య రాజధానిలో ఈ మాట ఎంత పొగరుగా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. రెండే సంచికలు వచ్చాయి. అందులో జీనులు కుట్టే పనివాడి కథ ఒకటుంది. మంచి జీనులు చేస్తాడు, అవి కొత్తగా లేవేమోనని అతనికి అనుమానం. ఆధునికంగా ఎలా చేయాలో చెప్పమని కళాశాల ఆచార్యుణ్ణి అడుగుతాడు. ఆచార్యుడూ శిష్యులూ బోలెడు నమూనాలు గీసిస్తారు. అతను వాటిని చూసి, గుర్రం గురించీ తోలు గురించీ స్వారీ గురించీ తనకు కూడా మీకు తెలిసినంత తక్కువే తెలిసి ఉంటే ఇలాంటివి తానూ ఊహించగలిగేవాణ్ణంటాడు.

ఈ 'పడమర' నిజంగా భూగోళం మీద ఉందా అన్నది అడగక తప్పని ప్రశ్న. లోస్ షికాగోలో చూసిన 1893 ప్రదర్శననే తీసుకుందాం. తెల్లని పాలరాతి నగరంలా మెరిసిన ఆ మహాభవనాల ఒళ్లంతా 'స్టాఫ్' అనే ముద్ద; ప్లాస్టరులో నారపోగులు కలిపి పోసినది. లోపల ఇనుప చట్రం, బయట రోము వేషం, ప్రదర్శన అయ్యాక తీసేయడానికే కట్టినవి. వియన్నాలో పొటెమ్కిన్ అని తిట్టినదాన్నే పడమర అంతకన్నా భారీగా చేసి చూపింది. ఆ నగరంలోనే పనిచేసిన వాస్తుశిల్పి లూయీ సల్లివన్ 1892లో, కొన్నేళ్లపాటు నగిషీకి విరామమిస్తే మనకు మేలని రాశాడు. తాను మాత్రం ఆ కాలపు అమెరికాలో అందరికన్నా పసందైన ఆకుల నగిషీలు గీశాడు. ఇంగ్లండు సంగతీ అంతే. కళాకారుడు విలియం మోరిస్ గోడకాగితాల మీద తీగలూ పువ్వులూ అల్లుతున్న కాలమది. వస్తువులో కళ ఉండాలన్న ఉద్యమానికి పుట్టిల్లే అది. హోఫ్‌మన్ 1903లో మరికొందరితో కలిసి స్థాపించిన వియన్నా కార్ఖానాకు స్ఫూర్తి ఇంగ్లండు నుంచే వచ్చింది. అంటే లోస్ ఇంగ్లండు వేరు, హోఫ్‌మన్ ఇంగ్లండు వేరు. లోస్ దర్జీలనూ ప్లంబర్లనూ ఏరుకుని, మోరిస్‌ను వదిలేసి, మిగిలినదానికి పడమర అని పేరుపెట్టాడు. దాన్ని ఒక దేశపు వర్ణనగా చదివితే తప్పులతడక. తన ఊరివాళ్ల ముఖాన పట్టిన అద్దంగా చదివితే పదునైన విమర్శ.

ఆ అద్దం అంత అమాయకమైనది కాదని చెప్పేది 'అలంకరణ, నేరం'. ఈ వ్యాసాన్ని 1908 నాటిదని లోస్ చెప్పుకున్నాడు. పరిశోధకులు పాత కాగితాలు వెదికి, వియన్నాలో 1910 జనవరిలో ఇచ్చిన ఉపన్యాసంగా తేల్చారు. అచ్చులో ముందు ఫ్రెంచిలో 1913లో వచ్చింది, జర్మన్ పత్రికలో 1929లో గాని రాలేదు. ఇందులో రెండు వాదాలు జడలా అల్లుకుని ఉన్నాయి. ఒకటి పరిణామవాదపు నిచ్చెన. పసివాడు, పాపువా ద్వీపవాసి, నేరస్థుడు కింది మెట్ల మీద. ఇరవయ్యో శతాబ్దపు పడమటి మనిషి పైమెట్టు మీద. పాపువా మనిషి ఒళ్లంతా పచ్చబొట్టు పొడిపించుకుంటే అది అతని మెట్టుకు తగిందే. ఆధునికుడు పొడిపించుకుంటే నేరస్థుడో పతితుడో. పచ్చబొట్టును నేరస్వభావానికి ఆనవాలుగా లెక్కగట్టిన ఇటలీ వైద్యుడు లాంబ్రోసో ప్రభావం ఇందులో స్పష్టం. సంస్కృతి ముందుకు సాగేకొద్దీ వాడుక వస్తువుల మీంచి అలంకరణ రాలిపోతుందన్నది దీని సారం. రెండోది ఆర్థిక వాదం. నగిషీకి పట్టే గంటలు పనివాడి ఆయుష్షులోంచి పోతాయి, ఆ గంటలకు కూలి సరిగా ముట్టదు. పైగా నగిషీ ఫ్యాషనుతో మారుతుంది కాబట్టి, చెక్కా రేకూ ఇంకా గట్టిగా ఉండగానే బల్ల పాతదైపోతుంది. వస్తువు ఎంతకాలం మన్నుతుందో దాని రూపమూ అంతకాలం మన కంటికి నచ్చాలి. లేకపోతే శ్రమ, సొమ్ము, సరుకు మూడూ దండగ.

మొదటి వాదం నేడు నిలవదు. పచ్చబొట్టు వెనుక ఉన్న వంశక్రమాలనూ, ఆచారాలనూ, నైపుణ్యాన్నీ ఏమాత్రం తెలుసుకోకుండా ఒక జాతిని పిల్లల పక్కన కూర్చోబెట్టడం వలసపాలన నాటి అహంకారమే. ఆ కాలంలో అందరూ అలాగే అన్నారు గదా అని సర్దుకుపోవడం కుదరదు. లోస్ అన్ని విషయాల్లోనూ తన కాలానికి ఎదురీదినవాడే. ఇక్కడ మాత్రం ప్రవాహంతో హాయిగా కొట్టుకుపోయాడు. అయితే అసలు అభ్యంతరం వేరే ఉంది. నిచ్చెన విరిగితే రెండో వాదమూ దానితోపాటే కూలదా? కూలదనడానికి ఆధారం ఆ వ్యాసంలోనే దొరుకుతుంది. చివర్లో లోస్ తన జోళ్లు కుట్టేవాణ్ణి తలుచుకుంటాడు. జతకు అడిగినదానికన్నా పది క్రౌన్లు ఎక్కువిస్తానంటే అతను పొంగిపోతాడు, అప్పుడే మనసులో మంచి తోలు ఎంచుకుంటాడు, అంచుల వెంట చిల్లులూ చుక్కలూ ఎలా తీర్చాలో ఊహించుకుంటాడు. జోడు పూర్తిగా నున్నగా ఉండాలని షరతు పెడితే అతని ముఖం వాడిపోతుంది. పని తగ్గింది, సంతోషమూ పోయింది. అందుకే నగిషీ ఉన్న జోళ్లే తాను తొడుక్కుంటానంటాడు లోస్. లేసు కుట్టే ఆడమనిషికీ, జోళ్లు కుట్టేవాడికీ ఆనందమిచ్చేదాన్ని లాక్కునే హక్కు తనకు లేదని, వాళ్లకు బదులుగా ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదని ఒప్పుకుంటాడు. బేథోవెన్ సంగీతం వినడానికి వెళ్లగలిగిన పట్నవాసి కూర్చుని గోడకాగితం మీద పువ్వులు గీస్తే మాత్రం ఊరుకోడు. 1924లో రాసిన మరో వ్యాసంలో, నగిషీని పద్ధతి ప్రకారం తుడిచిపెట్టాలని తానెన్నడూ అనలేదని స్పష్టం చేశాడు. అంటే తూచింది జాతిని కాదు, ఆ పనిలో పనివాడికి ప్రాణం ఉందా లేదా అన్నదాన్ని. ఈ మాట నిచ్చెన లేకుండానే నిలుస్తుంది.

ఇంకా బలమైన సాక్ష్యం 1910 నాటి 'ఆర్కిటెక్చర్' వ్యాసం. నా అంచనాలో లోస్ రాసినవాటిలో ఇదే అత్యుత్తమం. కొండల నడుమ సరస్సు, ఒడ్డున రైతుల ఇళ్లు, చిన్న ప్రార్థనాలయం. ఏదీ కంటికి నలుసులా తగలదు. హఠాత్తుగా ఒక విల్లా కనబడి దృశ్యం చెడుతుంది. అది మంచి వాస్తుశిల్పి కట్టిందా చెడ్డవాడు కట్టిందా అన్నది అనవసరమంటాడు లోస్. ఎవరు కట్టినా చెడుతుంది. రైతు తన తాతముత్తాతలు కట్టినట్టు కట్టాడు, అందంగా ఉందా అని ఆలోచించలేదు. పట్నపు వాస్తుశిల్పికి వేళ్లు తెగిపోయాయి, అందుకే శైలి కోసం వెదుకులాట. మనిషి లోపలికీ బయటికీ పొందిక ఉండడమే సంస్కృతి అని ఇక్కడ చెబుతాడు. ఈ నిర్వచనం ప్రకారం ఆల్ప్స్ రైతు, లండన్ దర్జీ, జీనులు కుట్టేవాడు ఒకే పంక్తిలో కూర్చుంటారు. పైమెట్టూ కింది మెట్టూ లేవు. నిజానికి పాపువా పడవ చెక్కేవాడూ ఆ పంక్తిలోకే రావాలి. ఆ అడుగు వేయడానికి లోస్ నిరాకరించాడు. తన నిర్వచనం తనను ఎక్కడికి తీసుకుపోతుందో అక్కడిదాకా ఆయన నడవలేదు. అది ఆయన ఆలోచనలో అతి పెద్ద లోపమని నా అభిప్రాయం.

ఈ వ్యాసంలోనే కళనూ ఇంటినీ వేరుచేసే ప్రసిద్ధ వాదన ఉంది. కళాఖండాన్ని ఎవరూ అడగరు, దానికి ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు. మనిషిని సుఖంలోంచి లేపి కొత్తదారి చూపడం దాని పని. ఇల్లు అవసరం కొద్దీ పుడుతుంది, అందరికీ జవాబు చెప్పాలి, సుఖంగా ఉంచాలి. అందుకే వాస్తుకళలో నిజంగా కళ అనదగ్గది చాలా కొంచెం, సమాధి, స్మారకం అంతే. ప్రయోజనం ఉన్న మిగతా కట్టడాలన్నీ కళారాజ్యం బయటే. చదవగానే ఇది కళను కించపరచినట్టు తోస్తుంది, జరిగింది దానికి సరిగ్గా విరుద్ధం. కళ కుర్చీకోడు మోయనక్కరలేదు కాబట్టి ఎంత దూరమైనా పోవచ్చు. ఊరంతా వెక్కిరిస్తున్న కాలంలో ఆర్నల్డ్ షోన్‌బెర్గ్ సంగీతానికీ, యువ చిత్రకారుడు ఒస్కర్ కొకోష్కాకూ అండగా నిలబడింది లోసే. ఆయన మిత్రుడు, రచయిత కార్ల్ క్రౌస్, అస్థికల కలశానికీ మూత్రపు కుండకూ తేడా ఉందని చెప్పడమే తామిద్దరం చేసిన పని అన్నాడు. మాట మోటుగా ఉన్నా సంగతి అదే.

మరి ఆయన కట్టడాలు ఈ కొలతకు తూగాయా? వియన్నాలో మిఖాయేలర్ కూడలిలో, సరిగ్గా చక్రవర్తి ప్రాసాద ద్వారానికి ఎదురుగా, గోల్డ్‌మన్–సలాచ్ దుస్తుల సంస్థ కోసం 1909–1911లో కట్టిన భవనం అసలు పరీక్ష. కింది అంతస్తులకు గ్రీసు దేశపు ఎవియా దీవినుంచి తెచ్చిన సిపొలీనో పాలరాతి తాపడం. ఆకుపచ్చ చారలు నీటి అలల్లా పరుచుకుంటాయి. పై అంతస్తులు తెల్లని సున్నపు గోడలు, వాటిలో చతురస్రపు కిటికీలు. చుట్టూ పట్టీ లేదు, పైన చూరు నగిషీ లేదు. కనుబొమలు లేని ఇల్లని జనం ఎగతాళి చేశారు. 1910లో పురపాలక సంఘం పని ఆపించింది. 1911 డిసెంబరులో లోస్ ఆ భవనం తరఫున ఉపన్యసిస్తే రెండువేల మందికి పైగా వచ్చారు. చివరికి కొన్ని కిటికీలకు కంచు పూలతొట్లు తగిలించడంతో రాజీ కుదిరింది. ఇక్కడ ప్రత్యర్థి రెండు గట్టి ప్రశ్నలు వేయవచ్చు. ఆ పాలరాతి చారలు నగిషీ కాక మరేమిటి? ముఖద్వారం ముందున్న నాలుగు ఏకశిలా స్తంభాలు బరువు మోయవు, భవనాన్ని నిలబెట్టేది కాంక్రీటు చట్రం. అలాంటప్పుడు పొటెమ్కిన్‌ను తిట్టిన మనిషి ఆ స్తంభాలు ఎందుకు నిలిపాడు?

మొదటిదానికి జవాబు 1898లో రాసిన తాపడ సూత్రంలో ఉంది. జర్మన్ వాస్తుశిల్పి గోట్‌ఫ్రిడ్ సెంపర్ నుంచి అందిపుచ్చుకున్న ఆలోచన అది. గది అంటే మనిషిని కప్పే వెచ్చని తివాచీ. ముందు అది కావాలి, దాన్ని పట్టి నిలిపే చట్రం తరువాత. కాబట్టి తాపడం తప్పు కాదు. ఒక్కటే షరతు: తాపడాన్ని చూసి అదే లోపలి సరుకని ఎవరూ పొరబడకూడదు. కర్రకు ఏ రంగైనా వేయవచ్చు, కర్ర రంగు తప్ప. మన ఊళ్లలో ఇనుప తలుపుకు టేకు రంగు పూసి దువ్వెనతో చెక్కగీతలు తీయించడం ఈ సూత్రం కింద నేరుగా పట్టుబడుతుంది. పలచగా కోసి అతికించిన పాలరాయి మాత్రం తాను పలకనేనని దాచుకోదు. చారలు ప్రకృతి గీసినవి, వాటి కోసం ఏ పనివాడి గంటలూ దండగ కాలేదు. ఇంతవరకు జవాబు సరిపోయింది. కాని ఆ పలకను గని నుంచి తవ్వి, సముద్రం దాటించి, కోసి, మెరుగుపెట్టిన కూలీల గంటలు లెక్కలోకి రాలేదు. శ్రమ తగ్గలేదు, కంటికి కనబడని చోటికి తరలింది. రెండో ప్రశ్నకు జవాబు అంతకన్నా బలహీనం. ప్రాసాదం ఎదుట, పాత చర్చి పక్కన ఆ స్తంభాలు కూడలికి మర్యాదగా నిలిచాయని చెప్పవచ్చు. నిర్మాణ నిజాయితీ పేరుతో వాటిని సమర్థించలేం. 1922లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక పోటీకి ఆయన ఆకాశహర్మ్యాన్నే ఒక బ్రహ్మాండమైన నల్లరాతి డోరిక్ స్తంభంగా గీసి పంపాడు. ఉద్యోగులు కూర్చునే కార్యాలయానికి స్మారక రూపం! తన గీతను తానే దాటాడు. బహుమతి రాలేదు, తరువాతివాళ్లు మాత్రం ఆ బొమ్మను మరిచిపోలేదు.

పాలరాయి పెట్టుకోగలవాడికే ఈ నిరాడంబరత అందుతుందన్నది మరో ఆక్షేపణ. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వియన్నా ఆకలితో, ఇళ్ల కరువుతో అల్లాడుతున్నప్పుడు లోస్ నగరపు గృహవసతి కార్యాలయానికి ప్రధాన వాస్తుశిల్పిగా 1921 నుంచి 1924 వరకు పనిచేశాడు. ఖాళీ స్థలాల్లో తామే ఇళ్లు కట్టుకుంటున్న పేద కుటుంబాలకు వరుస ఇళ్లు రూపొందించాడు. 1921లో 'ఒకే గోడ ఇల్లు' అనే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పక్కింటితో ఉమ్మడిగా ఉండే గోడలే బరువు మోస్తాయి, ముందూ వెనకా తేలికైన చెక్క తెరలు. పునాది ఖర్చు కలిసొస్తుంది. ఆయన లెక్క ఇంటితో మొదలు కాలేదు, పెరటితో మొదలైంది. కూరగాయల మడి ముందు, దాన్ని చూసుకునే మనిషికి గూడు తరువాత. ఇక్కడ పాలరాయి లేదు, నాగరికత మీద ఉపన్యాసాలూ లేవు. శ్రమ, సొమ్ము, సరుకు దండగ కాకూడదన్న మాట మాత్రం అక్షరాలా అమలైంది.

సంపన్నుల ఇళ్లలో ఆయన చేసిన ప్రయోగం గోడ మీద కాదు, గది ఎత్తు మీద. అన్ని గదులకూ ఒకే ఎత్తు ఎందుకని ఆయన ప్రశ్న. గదిగదికీ ఎత్తు మార్చే ఈ పద్ధతికి శిష్యుడు హైన్రిక్ కుల్కా 1931లో 'రౌంప్లాన్' అని పేరుపెట్టాడు. ప్రాగ్‌లో 1928–1930లో కట్టిన విల్లా మ్యూలర్ దీనికి పరాకాష్ఠ. బయట తెల్లని పెట్టె, పసుపు రంగు కిటికీ చట్రాలు, అంతకుమించి దారినపోయేవాడికి ఏమీ చెప్పదు. లోపల ఇరుకైన ప్రవేశం దాటి నాలుగు మెట్లు ఎక్కేసరికి సిపొలీనో పలకల నడుమ పెద్ద హాలు తెరుచుకుంటుంది. అక్కడినుంచి ఇంకొన్ని మెట్లెక్కితే హాల్లోకి చూసే భోజనాలగది. మరో పక్క మెట్లమీద లేతరంగు చెక్క తాపడంతో ఇంటి ఇల్లాలి గది, దానికి హాల్లోకి తెరుచుకునే చిన్న కిటికీ. దుస్తులు నలుగురిలో కొట్టొచ్చినట్టు కనబడకూడదన్న 1898 నాటి మాట ఇక్కడ ఇల్లుగా మారింది. చరిత్రకారిణి బియట్రీస్ కొలొమీనా 1994లో ఆ చిన్న కిటికీని ఇంకో విధంగా చదివింది. నాటకశాలలోని ప్రత్యేక పెట్టెలాంటి ఆ గదిలో కూర్చున్న స్త్రీ చూసేదీ తానే, చూడబడేదీ తానే అని. ఈ విమర్శను తోసిపుచ్చలేం. సుఖం అనేది ఎవరి సుఖమన్న ప్రశ్న లోస్ సిద్ధాంతంలో లేదు. 1927లో నర్తకి జోసెఫిన్ బేకర్ కోసమని గీసిన, కట్టని ఇంటికి నలుపుతెలుపు పాలరాతి పట్టీలు చుట్టి, లోపలి ఈతకొలనుకు పక్కనుంచి గాజు కిటికీలు పెట్టడం చూస్తే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. పచ్చబొట్టును నిందించిన మనిషి నల్లజాతి నర్తకి ఇంటికి ఒళ్లంతా చారలు గీశాడు.

లోస్ మాటల్ని వారసులు వాడుకున్న తీరు వేరే కథ. 1920లో వాస్తుశిల్పి ల కార్బూజియే బృందపు పత్రిక 'లెస్ప్రీ నూవో' ఆయన వ్యాసాన్ని పునర్ముద్రించాక అది ఆధునికవాదపు నినాదమైంది. లోస్ మాత్రం పరిశ్రమనూ కళనూ కలుపుతామన్న జర్మన్ వెర్క్‌బుండ్‌ను 1908లోనే అనవసరపు జనమని ఎద్దేవా చేశాడు. కుర్చీకి కొత్తరూపం కనిపెట్టే కళాకారుడు నగిషీ గీసినా గీయకపోయినా ఆయన దృష్టిలో ఒకటే. ఇంగ్లండు వడ్రంగులు 18వ శతాబ్దంలో చేసిన కుర్చీ బాగుంటే దాన్నే మళ్లీ చేయించుకొమ్మనేవాడు. నగిషీ లేకపోవడాన్నే ఒక శైలిగా అమ్ముకున్న ఇరవయ్యో శతాబ్దం ఆయన శత్రువుల దారిలోనే నడిచింది. ఆయన వ్యక్తిగత జీవితంలోని చీకటిని కూడా ఏ పరిచయమూ దాచకూడదు. 1928లో చిన్న బాలికల విషయంలో ఆయన మీద వియన్నాలో విచారణ జరిగింది. తీవ్రమైన ఆరోపణల్లో విడుదలైనా, వారిని అసభ్య భంగిమల్లో బొమ్మలకు నిలబెట్టిన నేరం రుజువై నాలుగు నెలల శిక్ష పడింది, అమలు నిలిపివేశారు. మిత్రులు కొట్టిపారేసిన ఆ వ్యవహారపు దస్త్రం దశాబ్దాల తరువాత బయటపడింది. 1933 ఆగస్టు 23న వియన్నా దగ్గరి కాల్క్స్‌బర్గ్‌లో లోస్ చనిపోయాడు.

లోస్‌ను కొత్తగా చదవబోయేవారు 'అలంకరణ, నేరం'తో మొదలుపెట్టకపోవడం మంచిది. ముందు 1898 నాటి ప్లంబర్ల వ్యాసం, తాపడ సూత్రం, తరువాత 'ఆర్కిటెక్చర్', ఆ తరువాతే ఆ ఉపన్యాసం. అప్పుడు జోళ్లు కుట్టేవాడి పేరా పాపువా పేరాకన్నా బరువైనదిగా కనిపిస్తుంది. చదవడంతోపాటు కళ్లారా చూడాలనుకునేవారికి, ప్రాగ్‌లోని విల్లా మ్యూలర్‌ను 2000 నుంచి ఆ నగర మ్యూజియం సందర్శకులకు చూపిస్తోంది.